బెండు ఓడల సేనాని

ఓడ నడిపి యెరుగనివాడు నౌకాయుద్ధమును గూర్చి గ్రంథము వ్రాసెనన్నచో నవ్వనివారుందురా? ఆ గ్రంథమును నౌకాసేనానులే చేతబట్టి చదివిరన్నచో నమ్మువారుందురా? పదునెనిమిదవ శతాబ్దమున స్కాట్లండు దేశమందు నివసించిన జాన్ క్లర్క్ జీవితమున ఈ రెండును జరిగినవి. ఆయన మొదట వర్తకుడు, పిమ్మట బొగ్గుగనుల యజమాని. తీరమునకు సమీపముననున్న అర్రన్ అను ద్వీపమునకు పోయివచ్చుటకు మించిన సముద్రయానమును ఆయన చేయలేదని చెప్పుదురు. అట్టివాడు నౌకాదళముల తప్పును పట్టుకొనగలిగెను. అతని పాఠశాల సముద్రము కాదు. తండ్రి తోటలోని కొలను.

జాన్ క్లర్క్ 1728వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ఎడింబరో నగరమునకు దక్షిణముననున్న పెనికుక్ అను గ్రామమున జన్మించెను. తండ్రి సర్ జాన్ క్లర్క్ పెద్ద భూస్వామి, న్యాయాధికారి, సంగీతజ్ఞుడు, ప్రాచీన వస్తువుల పరిశోధకుడు. ఆయనకు తోటలన్నచో ప్రాణము. పెనికుక్ భవనము చుట్టును చెట్ల వరుసలు నాటించి, కొలనులు త్రవ్వించి, ఆ ప్రదేశమునంతను రమ్యవనముగా మార్చెను. సంతానము మెండు. జాన్ ఆయన కుమారులలో ఏడవవాడు. ఏడవ కుమారునకు తండ్రి బిరుదము రాదు, ఎస్టేటు రాదు. తన బ్రతుకు తాను చూచుకొనవలసినదే.

పెనికుక్ సముద్రతీరము కాదు. అచటినుండి లీత్ రేవునకు పది పన్నెండు మైళ్లు. నేడు అది దూరమే కాదు, కాని ఆ కాలపు బాలునకు అది వేరొక లోకము. కొత్తగూడెము, పాల్వంచ ప్రాంతముల పిల్లలు భద్రాచలమున గోదావరిపై పడవలను చూచి, సముద్రమెట్లుండునో ఊహించుకొనునట్లే, ఈ బాలుడును పుస్తకముల ద్వారా ఊహించుకొనెను. రాబిన్సన్ క్రూసో కథ చదివిన నాటినుండి అతనికి ఓడల పిచ్చి పట్టెను. సముద్రమును, పెద్ద ఓడను కంటితో చూచుసరికి అతనికి పది యేండ్లు వచ్చినవి.

డాల్కీత్ పట్టణములోని పాఠశాలకు అతనిని పంపిరి. అచట కొందరు తోటి బాలురకడ ఓడ నమూనా యొకటి యుండెను. అది అలంకారమునకై అలమారులో నుంచు బొమ్మ కాదు. తెరచాపలు, త్రాళ్లు, చుక్కాని యన్నియు సక్రమముగా నమర్చిన నమూనా. ఏ త్రాటి పేరేమి, దేనిని లాగినచో ఏ తెరచాప తిరుగును అను విషయములను జాన్ వారికడ నేర్చుకొనెను. దానిని నీటిపై విడిచి, గాలి ప్రక్కనుండి తగిలినప్పుడు ఓడ ఎట్లు ఒరుగునో, చుక్కానిని త్రిప్పినప్పుడు ఎంతసేపటికి మలుపు తిరుగునో గమనించెను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి త్రవ్వించిన కొలనులు అతనికి సముద్రములైనవి. ఓడలు, తెప్పలు చేసి వానిపై నడపుచుండెను.

ఇట్టి ఆటలు ఆడని పిల్లలు అరుదు. వానకాలమున వీధిలో పారు నీటియందు కాగితపు పడవలు విడువనివారెవరు? కాని చాలమందికి ఆట ఆటతోనే ముగియును. జాన్‌కు మాత్రము ఒక ప్రశ్న మనసున నిలిచిపోయెను. ఓడ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. గాలికి అడ్డముగా, వంకరగా మాత్రమే పోగలదు. అట్లయినచో ఒకదానితో నొకటి పోరాడవలసిన రెండు ఓడలలో దేనికి మేలు? ఇరువది యోడలు ఒకవైపున, ఇరువది యోడలు రెండవవైపున నున్నచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు అతనికి నలువది సంవత్సరములు పట్టినది.

నడుమ జీవితము ఇతర త్రోవలలో నడచినది. ఎడింబరో విశ్వవిద్యాలయమున కొంతకాలము వైద్యశాస్త్రము చదివి, దానిని విడిచి వర్తకమున ప్రవేశించెను. 1753లో సుసన్నా ఆడమ్‌ను వివాహమాడెను. ఆమె సోదరుడు రాబర్ట్ ఆడమ్ బ్రిటను దేశమునందలి గొప్ప వాస్తుశిల్పులలో నొకడు. వర్తకమున సంపాదించిన ధనముతో క్లర్క్ లాస్‌వేడ్ గ్రామమువద్ద బొగ్గు భూములు కొని, అచటనే ఎల్డిన్ అను ఇల్లు ఏర్పరచుకొనెను. నాటినుండి ఆయనను ఎల్డిన్ క్లర్క్ అని వ్యవహరించుట పరిపాటియైనది.

బొగ్గుగని యజమాని పని ఎట్టిదో సింగరేణి ప్రాంతపు విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. భూమి లోపల పొర ఎచట మొదలగునో, ఏ వైపునకు వాలునో, ఎచట విరిగి క్రిందికి జారిపోవునో కంటికి కనబడదు. పైనున్న రాళ్లనుబట్టి, త్రవ్విన గోతులనుబట్టి లోపలి రూపమును కాగితముపై గీసికొనవలెను. గీతలో తప్పు జరిగినచో ధనము, కొన్ని వేళల ప్రాణములును నష్టమగును. కనబడని దానిని గీతలలో నిలిపి ఆలోచించు అలవాటు క్లర్క్‌కు ఇట్లు అబ్బినది. నాటి ప్రసిద్ధ భూగర్భశాస్త్రజ్ఞుడైన జేమ్స్ హట్టన్ ఆయనకు ప్రాణమిత్రుడు. 1785లో హట్టన్ గ్లెన్ టిల్ట్ అను లోయకు పోయి, నల్లసేనపురాయి ఒకప్పుడు కరగిన ద్రవముగా ఇతర శిలలలోనికి చొచ్చుకొనిపోయినదనుటకు సాక్ష్యమును కనుగొన్నప్పుడు, ప్రక్కనుండి ఆ శిలలను చిత్రించినవాడు క్లర్క్. ఆయన రాగిరేకులపై ఆమ్లముతో చెక్కి అచ్చువేయు చిత్రకళయందును నేర్పరి. అట్టి చిత్రములు నూరు వరకు వేసెను.

ఇంతలో సముద్రముపై జరుగుచున్న సంగతులు ఆయనను చిన్ననాటి ప్రశ్నవైపునకు మరల త్రిప్పినవి.

ఆ శతాబ్దమున ఆంగ్లేయులకును, ఫ్రెంచివారికిని సముద్రముపై ఎడతెగని పోరు. ఆ పోరు ఫలితము దూరదేశముల భాగ్యమును సైతము నిర్ణయించుచుండెను. తెలుగుదేశమే ఇందుకు సాక్షి. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారినుండి గైకొనెను. వారికి సహాయముగా రెండు ఓడలు వచ్చినవి గాని కొన్ని దినములు ఆలస్యమైనవి. ఆ కొద్ది దినముల తేడాలో ఉత్తర సర్కారులయందు ఫ్రెంచివారి ప్రాబల్యము అంతరించెను. సముద్రము ఎవరి చేతనుండునో తీరమును వారి చేతిలోనికే పోవుచుండెను.

కాని నౌకాయుద్ధములు మాత్రము విచిత్రముగా జరుగుచుండెను. ఓడల ఫిరంగులన్నియు రెండు ప్రక్కలనే యుండును. ముందువైపున, వెనుకవైపున దాదాపు లేవు. అందుచేత ఓడలను ఒకదాని వెనుక నొకటిగా బారుదీర్చి, శత్రువుల బారునకు సమాంతరముగా నడపి, ప్రక్కఫిరంగులు పేల్చుట నియమముగా నేర్పడెను. బారు చెడరాదు. ప్రతి యోడయు ఎదుటి బారులో తన కెదురైన ఓడతోనే పోరాడవలెను. ఈ నియమములు ఆజ్ఞల రూపమున అచ్చువేయబడియుండెను. వానిని మీరిన సేనాని విచారణకు నిలువవలసివచ్చును.

నియమము మీరినను అపాయమే, పాటించినను అపాయమే అనుటకు అడ్మిరల్ బింగ్ కథ చాలును. 1756 మే 20వ తేదీన మధ్యధరా సముద్రమున మినార్కా ద్వీపమువద్ద ఆయన పదమూడు ఓడలతో ఫ్రెంచివారి పండ్రెండు ఓడలను ఎదుర్కొనెను. ముందటి ఓడలు శత్రువును సమీపించి చితికిపోయినవి. వెనుకటివి సమయమునకు చేరలేకపోయినవి. బారు చెడునను భయముతో బింగ్ వెనుకాడెను. ద్వీపము చేజారినది. చేతనైనంత ప్రయత్నము చేయలేదను నేరము మోపి, 1757 మార్చి 14వ తేదీన పోర్ట్స్‌మత్ రేవున ఓడపైననే ఆయనను కాల్చిచంపిరి. 1778 జులైలో ఉషాంట్ ద్వీపమువద్ద కెప్పెల్ అను సేనాని పెద్ద ఫ్రెంచి దళముతో తలపడెను. ఇరువైపుల ఒక్క ఓడయైనను చిక్కలేదు. మరుసటి సంవత్సరము ఆయనపైనను విచారణ జరిగినది. నిర్దోషియని విడిచిరిగాని దేశమంతయు రెండు పక్షములుగా చీలి తగవులాడుకొనెను. పిరికివారు, అసమర్థులు అను మాటలు పత్రికలనిండ వినవచ్చినవి.

క్లర్క్ ఈ విచారణల నివేదికలను, యుద్ధముల వర్ణనలను తెప్పించి శ్రద్ధగా చదివెను. ఆయనకు ఒక సంగతి వింతగా తోచెను. ఒంటి ఓడ ఒంటి ఓడతో పోరాడినప్పుడు బ్రిటిషు నావికులు తరచుగా గెలుచుచున్నారు. దళము దళముతో పోరాడినప్పుడు మాత్రము ఎప్పుడును తేలుట లేదు. అదే మనుష్యులు, అవే ఓడలు, అవే ఫిరంగులు. అయినచో లోపము ధైర్యమున లేదు, పద్ధతియందున్నది. నేడు సులభముగా తోచు ఈ మాట నాడు ఎవరికిని తోచలేదు. దోషులను వెదకుటలో మునిగినవారికి దోషమెచటనున్నదో వెదకుటకు తీరిక చిక్కదు.

ఆ పద్ధతిని పరీక్షించుటకు ఆయనకు సముద్రము లేదు. బెండుతో చిన్న చిన్న ఓడలు చెక్కించెను. వానిని బల్లపై రెండు బారులుగా నిలిపి, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో నిర్ణయించుకొని, ఒక్కొక్క అడుగు జరుపుచు యుద్ధములను తిరిగి నడిపెను. సుంకముల శాఖలో కమిషనరుగానుండిన ఎడ్గార్ అను మిత్రుడు ఆయనకు ఈ చర్చలలో తోడు. భోజనమునకు కూర్చున్నను బెండు ఓడలు బల్లపై నుండవలసినదే. ఆయన కుమారుడు విలియమ్ స్నేహితులలో వాల్టర్ స్కాట్ అను యువకుడుండెను. తరువాతికాలమున గొప్ప నవలాకర్తయైన స్కాట్ ఇతడే. ముసలాయన చూడనప్పుడు బారులోనుండి ఒకటి రెండు ఓడలను దొంగిలించి, లెక్క తప్పి ఆయన వెదకులాడుకొనుచుండగా చూచి నవ్వుకొనుట ఈ కుర్రవానికి వేడుక. శత్రువుల చేతికి చిక్కని ఓడ అతిథి జేబులో మాయమైనచో ఏ సేనాని మాత్రమేమి చేయగలడు!

బల్లపై ఆయన కనుగొన్నదేమి? గాలి వచ్చు దిక్కుననున్న దళమును పైగాలి దళమనియు, గాలి పోవు దిక్కుననున్న దానిని దిగుగాలి దళమనియు పిలువవచ్చును. బ్రిటిషువారు ఎప్పుడును పైగాలిని కోరుదురు. ఇష్టమైనప్పుడు శత్రువుపై దిగవచ్చును గదా యని. ఫ్రెంచివారు దిగుగాలియందే నిలిచి కనిపెట్టుకొనియుందురు. బ్రిటిషు ఓడలు దిగివచ్చునప్పుడు వాని ముక్కులు శత్రువువైపుననుండును. ప్రక్కఫిరంగులు పేల్చుటకు వీలులేదు. ఫ్రెంచివారి ప్రక్కఫిరంగులన్నియు మాత్రము వారిపైననే గురిపెట్టబడియుండును. అదియును ఓడ పొట్టపై గాదు; తెరచాపలపై, స్తంభములపై, త్రాళ్లపై. ముందుగా దిగిన ఓడలు రెక్కలు విరిగిన పక్షులవలె నిలిచిపోవును. అప్పుడు ఫ్రెంచివారు గాలివెంట మరికొంత దూరము జరిగి, మరల బారుతీర్చి నిలుతురు. వెంబడించుటకు తెరచాపలు లేవు. యుద్ధము ముగియును. ఎవరును ఓడరు, కాని తమ కార్యము నెరవేర్చుకొని పోవువారు ఫ్రెంచివారే. మినార్కావద్ద జరిగినది ఇదే. 1779లో గ్రెనడావద్ద జరిగినది ఇదే. యుద్ధముల పేర్లు మారినవిగాని బల్లపైనున్న బెండు ఓడలు ఒకే విధముగా కదలినవి.

1781 సెప్టెంబరు 5వ తేదీన అమెరికా తీరమున చీసపీక్ అఖాతమువద్ద గ్రేవ్స్ అను సేనాని బారు నియమమును పట్టుకొని వ్రేలాడి, ఫ్రెంచివారిని కదలింపలేకపోయెను. సముద్రమార్గము మూతపడుటచేత యార్క్‌టౌను పట్టణమున చిక్కుకొనిన కారన్ వాలీసు అక్టోబరు 19వ తేదీన లొంగిపోయెను. అమెరికాలో ఓడిన ఈ కారన్ వాలీసే అయిదేండ్లకు గవర్నరు జనరలుగా భారతదేశమునకు వచ్చి శాశ్వత శిస్తు పద్ధతిని ప్రవేశపెట్టెను.

మరి ఉపాయమేమి? బారునంతయు బారుతో ఎదుర్కొనవద్దనెను క్లర్క్. తిరునాళ్లకు పోవు ఎడ్లబండ్ల బారును ఊహించుకొనుడు. ఇరుకు బాటలో నలువది బండ్లు ఒకదాని వెనుక నొకటి పోవుచున్నవి. చివరి అయిదు బండ్లను దొంగలు అడ్డగించినచో మొదటి బండివానికి ఆ కేక వినబడునా? వినబడినను వెంటనే బండిని త్రిప్పి వెనుకకు రాగలడా? ఓడల బారును అట్టిదే. మన బలమునంతయు శత్రువుల బారు చివర కొన్ని ఓడలపై కేంద్రీకరించినచో ముందటి ఓడలు సహాయమునకు రావలెనన్నను గాలికి ఎదురుతిరిగి వంకరటింకరగా రావలసియుండును. వచ్చుసరికి గంటలు గడచును. వారి బారును చెదరును. మనము దిగుగాలియందున్నచో శత్రువుల బారును నడుమ ఖండించి, వెనుకభాగమును ముందుభాగమునుండి వేరుచేయవలెను. ఇది ఆయన సిద్ధాంతము. చిన్న పడవ గుర్తులతో నిండిన పటములు గీసి, ఒక్కొక్క కదలికను చూపెను.

1782 సంవత్సరారంభమున ఆ గ్రంథములోని మొదటిభాగమును యాబది ప్రతులు మాత్రము అచ్చువేయించి మిత్రులకు పంచెను. నౌకాతంత్రముపై ఆంగ్లభాషలో స్వతంత్రముగా ఆలోచించి వ్రాసిన మొదటి గ్రంథముగా దానిని పరిగణింతురు. ఫ్రెంచి భాషలో అట్టివి అంతకు పూర్వమే యుండెను.

ఆ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన వెస్టిండీసు ద్వీపములయందు సెయింట్స్ అను చోట గొప్ప యుద్ధము జరిగినది. అడ్మిరల్ రాడ్నీ ముప్పదియారు ఓడలతో ఫ్రెంచి సేనాని డి గ్రాస్ యొక్క ముప్పదిమూడు ఓడలను ఎదుర్కొనెను. రెండు బారులును ఎదురెదురుగా ఒకదాని ప్రక్క నొకటి సాగుచుండగా ఫ్రెంచి బారు నడుమ సందులేర్పడెను. రాడ్నీ తన ఓడ ఫార్మిడబుల్‌ను ఆ సందులోనికి పోనిచ్చి శత్రువుల బారును చీల్చెను. నూటనాలుగు ఫిరంగులుగల విల్ డి పారీ యను మహానౌకతోకూడ అయిదు ఓడలు చిక్కినవి. డి గ్రాస్ స్వయముగా బందీ యయ్యెను. వింత యేమనగా, సరిగా అదే దినమున సింహళ తీరమున ప్రొవిడియన్ అను చోట ఫ్రెంచి సేనాని సుఫ్రెన్, ఆంగ్ల సేనాని హ్యూస్ పోరాడి, ఒక్క ఓడయు చిక్కకుండగనే విడిపోయిరి. వారిద్దరును 1782, 1783 సంవత్సరములలో మన తూర్పు సముద్రమున అయిదు యుద్ధములు చేసిరి. ఒక్కదానియందును యుద్ధనౌక పట్టుబడలేదు. సుఫ్రెన్ సైతము శత్రువుల బారు వెనుకభాగముపై విరుచుకొనిపడవలెనని యత్నించినవాడే. ఆయన ఓడల అధిపతులు ఆ భావమును గ్రహింపలేదు. క్లర్క్ బల్లపై చూచిన సత్యమును సుఫ్రెన్ సముద్రముపై వేరుగా చూచెననుట న్యాయము.

సెయింట్స్ విజయవార్త వచ్చినది మొదలు వివాదము ప్రారంభమైనది. తన ఆలోచనలను 1780 జనవరిలోనే రాడ్నీ స్నేహితుడైన ఆట్కిన్‌సన్‌కు తెలిపితిననియు, అవి రాడ్నీకి చేరినవనియు క్లర్క్ చెప్పెను. బారు చీల్చు ఉపాయము తనదేయని ఆయన దృఢముగా నమ్మెను. క్లర్క్ గ్రంథమును రాడ్నీ తరువాత చదివి, అంచులందు తన అభిప్రాయములు వ్రాసినమాట నిజము. 1827లో వెలువడిన ముద్రణమున ఆ వ్రాతలను చేర్చిరి. కాని ఆ దినమున ఫార్మిడబుల్ ఓడపై రాడ్నీ ప్రక్కననుండిన సర్ చార్లెస్ డగ్లస్ యే సందును చూచి, లోనికి పొమ్మని సేనానిని తొందరపెట్టెనని ఆయన కుమారుడు సర్ హోవర్డ్ డగ్లస్ వాదించెను. 1830 ప్రాంతమున ఈ విషయమై గ్రంథములు, ప్రతిగ్రంథములు పుట్టినవి. అప్పటికి రాడ్నీ, క్లర్క్, చార్లెస్ డగ్లస్ ముగ్గురును గతించిరి.

పక్షపాతము లేక చూచినచో, ఆ ఉదయమున గాలి ఆకస్మికముగా దిక్కు మారుటచేత ఫ్రెంచి బారు తనంతట తాను విచ్చిపోయినది. ఆ క్షణమున సందును చూచినవాడు, ఆజ్ఞ నిచ్చినవాడు ఓడపైననున్న మనుష్యులు. ఎడింబరోలో కూర్చున్నవాడు గాలిని త్రిప్పలేడు. అందుచేత ఆ విజయమును క్లర్క్‌కు కట్టబెట్టుట తగదు. ఆయన దానిని కోరకయుండినచో ఇంకను బాగుండెడిది. ఏలనన, ఆయన గ్రంథపు విలువకు రాడ్నీ విజయము ఆధారము కాదు. బారు చీలినచో ఏల గెలుపు వచ్చునో, చీలనిచో ఏల రాదో కారణములతో చెప్పినది ఆయనయే. అది యొకరి అదృష్టమును అందరి విద్యగా మార్చుట.

గ్రంథము 1790లో అమ్మకమునకు వచ్చెను. మిగిలిన భాగములు 1797లో వెలువడెను. ఆ సంవత్సరమే అక్టోబరు 11వ తేదీన స్కాట్లండువాడైన డంకన్ కాంపర్‌డౌన్ అను చోట డచ్చివారి బారును రెండు తావుల ఛేదించి తొమ్మిది యుద్ధనౌకలను, రెండు చిన్న నౌకలను పట్టుకొనెను. 1805 అక్టోబరు 21వ తేదీన ట్రఫాల్గర్‌వద్ద నెల్సన్ ఇరువదియేడు ఓడలను రెండు దండులుగా నడపి, శత్రువుల ముప్పదిమూడు ఓడల బారును ఖండించి, ముందటి ఓడలు మరలివచ్చులోపల వెనుకటివానిని చిత్తుచేసెను. నెల్సన్ క్లర్క్ గ్రంథమును ఆదరముతో చదివెనని ప్రతీతి. నెల్సన్ ఆ యుద్ధముననే మరణించుటచేత అందులో ఎంత గ్రంథమునుండి గ్రహించెనో, ఎంత స్వయముగా ఊహించెనో తేల్చువారు లేకపోయిరి.

అప్పటికి క్లర్క్ డెబ్బదియారేండ్ల వృద్ధుడు. బెండు ఓడలను విడువలేదు. బొగ్గుగనులను, చిత్రములను విడువలేదు. కాలు కదుపక కూర్చున్నవాడు నావికులకు బుద్ధిచెప్పుటయా యని ఎకసక్కెమాడువారును ఉండిరి. ఆ ఆక్షేపణయందు కొంత సత్యము లేకపోలేదు. బల్లపై తుపాను రాదు, పొగ క్రమ్మదు, బెండు ఓడ ఆజ్ఞను తప్పుగా వినదు, ప్రక్కవాడు చచ్చుట చూచి బెదరదు. నిజమైన సముద్రముపై ఇవన్నియు కలవు. కాని ఇవన్నియు ఉన్నచోట నిలిచినవానికి మొత్తము యుద్ధము కనబడదు. పొగలోనున్న నావికునకు ముందు వెనుకల నున్న రెండు ఓడలు మాత్రమే కనబడును. బల్ల ప్రక్కనున్నవానికి నలువది ఓడలును ఒక్కసారిగా కనబడును.

జాన్ క్లర్క్ 1812 మే 10వ తేదీన ఎల్డిన్‌నందు మరణించెను. లాస్‌వేడ్ గ్రామపు చర్చి ఆవరణమున ఆయనను సమాధి చేసిరి. పెద్ద కుమారుడు జాన్ తరువాత న్యాయమూర్తియై ఎల్డిన్ ప్రభువను పేర ప్రసిద్ధుడయ్యెను.

బొమ్మ ఓడలతో యుద్ధము నేర్చుకొనుట ఆయనతో అంతరింపలేదు. 1898లో ఫ్రెడ్ జేన్ అను ఆంగ్ల చిత్రకారుడు, ప్రపంచమునందలి యుద్ధనౌకల పటముల గ్రంథమును వెలువరించిన సంవత్సరముననే, నమూనా ఓడలతో ఆడు నౌకాయుద్ధ క్రీడ యొకటి ప్రకటించెను. నౌకాధికారులు సైతము దానిని ఆడిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో లివర్‌పూల్ నగరమున గిల్బర్ట్ రాబర్ట్స్ అను నౌకాధికారి పెద్ద గది నేలపై గడులు గీయించి, ఓడల గుర్తులు పరపించి, జర్మను జలాంతర్గాములు ఓడల గుంపుపై ఎట్లు దాడిచేయునో కనుగొనుటకు యువతుల సహాయముతో ఆటలు నడిపించెను. ఆటగాండ్రకు చుట్టును గుడ్డతెరలు కట్టిరి. పొగలోనున్న నావికునివలె వారును కొద్దిగా మాత్రమే చూడవలెనని. అచట కనుగొన్న ఎత్తుగడలను అట్లాంటిక్ సముద్రముపై ప్రయోగించిరి.

క్లర్క్ చిత్రములు మాత్రము చాలకాలము కనబడకుండపోయినవి. హట్టన్ గ్రంథమునకై ఆయన గీసిన భూగర్భ చిత్రములు 1968లో పెనికుక్ భవనమున కాగితముల నడుమ దొరకినవి. వానిని 1978లో గ్రంథముగా ప్రకటించిరి. పడవలు విడిచిన కొలనులకు సమీపముననే, నూటయేబది యేండ్లకు పైగా, అవి మడతలు చెడక పడియుండెను.